పంటఋణము, గడువు, చేబదులు
(మన శీర్షికపై పునరవలోకనము)

వ్యవసాయపు జమాఖర్చులను గూర్చి పలు సంవత్సరములుగా ఈ శీర్షికలో వ్రాయుచున్నాము. పాతసంచికలను తిరుగవేసి చూడగా విత్తనము, ఎరువు, బీమా మొదలగు విషయము లెన్నియో కానవచ్చినను, సోమందేపల్లె ప్రాంతపు రైతులు మరలమరల అడిగిన ప్రశ్న యొక్కటియే. "గడువు సమీపించినది, చేత సొమ్ము లేదు. చేబదులు తెచ్చియైనను ఋణమును తిరుగవ్రాయించుకొనవచ్చునా?" అని. దీనికి సమాధానము మరియొకమారు వివరముగా వ్రాయుట యుక్తమని తలచితిమి.

ఈ చిక్కు నేటిది కాదు. రైతుల ఋణబాధను నివారించు మార్గమును విచారించి నికల్సన్ దొర మదరాసు ప్రభుత్వమునకు 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. అయినను 1951-52లో జరిగిన గ్రామీణ పరపతి విచారణలో, రైతులు తెచ్చిన అప్పులలో సహకార సంఘముల వంతు నూటికి సుమారు 3 మాత్రమే యని తేలినది. నేడు బ్యాంకులును, సంఘములును విరివిగా ఋణ మిచ్చుచున్నవి. కాని వాని గడువు తేదీనిబట్టి నడచును. మన వేరుసెనగ వాననుబట్టి నడచును. వడ్డీవ్యాపారికి చోటు దొరకునది ఈ సందునందే.

ఇక లెక్కను చూతము. 3 లక్షల రూపాయల వరకు పంటఋణమునకు వడ్డి సాలుకు నూటికి 7 రూపాయలు. గడువులోపల చెల్లించినవారికి 2011-12 నుండి 3 రూపాయల రాయితీ కలదు గనుక వడ్డి 4 రూపాయలే యగును. 2,00,000 రూపాయలపై ఒక సంవత్సరమునకు ఈ రాయితీ 6,000 రూపాయలు. అంతసొమ్మును నెలకు నూటికి రెండు రూపాయల వడ్డికి చేబదులు తెచ్చినచో, నెలకు 4,000 రూపాయలు పోవును. అనగా రాయితీవలని లాభము ఒకటిన్నర నెలలో హరించుకొనిపోవును. రెండు రూపాయల వడ్డి యన సాలుకు నూటికి 24 అని మరువరాదు.

అట్లని గడువును మీరనిచ్చుటయు మేలు కాదు. రాయితీ పోవుటయే గాక, క్రొత్త ఋణమునకు దారి మూసికొనును. కావున చేబదులు తెచ్చుటకు ముందు, సొమ్ము కట్టిన ఎన్నిదినములకు క్రొత్తఋణము చేతికి వచ్చునో కార్యాలయమున విచారింపవలయును. పదిదినములలో వచ్చునెడల నష్టము స్వల్పము. నెలలు పట్టునెడల ఆ పని తలపెట్టరాదు.

దీనికంటె మేలైన మార్గములు రెండు గలవు. కాయ అమ్మినదినముననే, పెండ్లిండ్లకును పండుగలకును వ్యయము కాకమునుపే, అప్పుకు వలసిన భాగమును ఋణఖాతాలో జమచేయవలయును. జమచేసిన మొత్తముపై నాటినుండి వడ్డి యాగును. ఇది మొదటిది. ఇక వాన తప్పి, మండలమును కరవుమండలముగా ప్రభుత్వము ప్రకటించినచో, పంటఋణమును దీర్ఘతరమైన కిస్తులకు మార్చుకొను అవకాశ ముండును. దానికి గడువుకు ముందే వ్రాతపూర్వకముగా అర్జీ పెట్టి రసీదు పుచ్చుకొనవలయును. ఆపద కలుగునాటికే గడువు మీరియున్న బాకీకి ఈ సదుపాయము దొరకుట కష్టము.

ప్రతి రైతును తన పాసుపుస్తకముపై ఋణపు గడువుతేదీని పెద్దయక్షరములతో వ్రాసికొని, చదువురానిచో చదువుకొన్న బిడ్డలచే వ్రాయించుకొని, ఆ తేదీకి రెండునెలలు ముందుగానే సంఘకార్యదర్శిని కలిసికొనవలయునని మా మనవి.