లైకుల లెక్క – పిల్లల మనోబలం

మనస్సుకు కలిగిన బాధ శరీరాన్నీ, శరీరానికి కలిగిన బాధ మనస్సునూ పీడిస్తాయని ఆయుర్వేదం బోధిస్తున్నది. సెల్‌ఫోనులో ఫోటో పెట్టి, దానికి ఎన్ని ‘లైకులు’ వచ్చాయో పదేపదే చూసుకొనే కౌమారవయస్కులలో ఈ సత్యం స్పష్టంగా కనబడుతున్నది.

కారణం:
ఫేస్‌బుక్‌లో లైకు మీట 2009లో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2010లో ప్రారంభమైంది. అంతకుముందు పిల్లలను మెచ్చుకొన్నా, మందలించినా ఇంటివారు, గురువులు, తోటివారే. ఎందుకు మెచ్చారో పిల్లలకు తెలిసేది. అంకె ఆ కారణం చెప్పదు. కారణం తెలియని బిడ్డ లోపాన్ని తనలోనే వెదుక్కుంటుంది.

లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 13–18 ఏళ్లవారిపై జరిపిన పరిశీలన 2016లో వెలువడింది. తమ ఫోటోకు ఎక్కువ లైకులు కనబడినప్పుడు, వారి మెదడులో సుఖానుభూతికి సంబంధించిన భాగం ఎక్కువగా ఉత్తేజితమైంది. ఒకే ఫోటోను కొందరికి ఎక్కువ లైకులతో, కొందరికి తక్కువ లైకులతో చూపగా, ఎక్కువ లైకులు చూసినవారే దానిని ఎక్కువగా మెచ్చారు. నిజానికి ఆ అంకెలు పరిశోధకులు వేసినవే!

శాస్త్రదృష్టి:
లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య, అతిరాగం మొదలైన మనోవేగాలను నిగ్రహించుకోవాలని చరకసంహిత సూత్రస్థానం చెబుతున్నది. లైకుల లెక్క వీటిలో పెక్కింటిని ఒకేసారి రేపుతుంది. దీనికి రాత్రి జాగరణ తోడైతే రూక్షత పెరిగి వాతం ప్రకోపిస్తుంది. నిద్రలేమి, అగ్నిమాంద్యం, చిరాకు అనుసరిస్తాయి.

ఆకలి లేదని ఒక పదవ తరగతి బాలికను నా వద్దకు తీసుకువచ్చారు. రాత్రి ఎప్పుడు పడుకుంటావమ్మా అని అడిగితే, “ఒంటిగంట దాటుతుందండి. లైకులు రాకపోతే ఫోటో తీసేసి ఇంకొకటి పెడతాను” అన్నది. ఆకలికి చూర్ణం ఇవ్వవచ్చును. తన ముఖం తనకే నచ్చకపోవడానికి చూర్ణం లేదు. దానికి చరకుడు చెప్పిన చికిత్స సత్త్వావజయం, అనగా అహితమైన విషయాల నుండి మనస్సును మరల్చడం.

గృహస్థులు పాటించవలసినవి:
1. రాత్రి భోజనం త్వరగా ముగించి, ఫోను పడకగది బయట ఉంచాలి. ఈ నియమం పెద్దలకూ వర్తిస్తుంది.
2. పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో పాదాలు మర్దన చేయాలి. ఆ పది నిమిషాలు తల్లిగాని తండ్రిగాని బిడ్డతో మాట్లాడాలి.
3. లైకుల సంఖ్య కనబడకుండా చేసే సదుపాయం ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుండి ఉన్నది. బిడ్డకు నచ్చజెప్పి వాడించండి.
4. ఆట, సంగీతం, వంట, తోటపని – చేతితో చేసి ఫలితం స్వయంగా చూసుకొనే పని ఒకటి అలవరచండి.
5. మార్కులతో, పక్కింటి పిల్లలతో పోల్చకండి. అదీ అంకెల తూకమే.

వైద్యుని సలహా లేకుండా నిద్రకు ఏ ఔషధమూ ఇవ్వవద్దు. బిడ్డ ఒంటరితనం కోరుకొన్నా, బ్రతుకుపై విరక్తి మాటలు పలికినా, ఆలస్యం చేయక మానసిక వైద్యునికి చూపించండి. కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సహాయవాణి సంఖ్య 14416.