ఒడ్డుననే పడవకు పరీక్ష

గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకనాడు తెరచాప ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరొందిన రేవు. 1839 నాటి ఉప్పెన దానిని దెబ్బతీసినా, ఆ విద్యకు మూలమైన సూత్రం నేటికీ చెల్లుతుంది. కొయ్య నీట నానితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుచేత ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలంలో ఒడ్డున నిలిచిన కొయ్య పడవల పలకల నడుమ సందులు ఏర్పడతాయి.

పడవలో నీరు నిలిచిన చోటనే చిల్లు ఉంటుందని భావించరాదు. చొరబడిన నీరు పల్లానికి జారుతుంది. కనుక దిమ్మెలపై నిలిపిన పడవలో కొద్దికొద్దిగా నీరు పోసి, వెలుపల చెమ్మగిల్లిన చోట గుర్తు పెట్టాలి. ఆరిన పిదప పాత పూడికను తొలగించి, నూలు దట్టించి, గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్దను పూయాలి. మితిమీరి దట్టిస్తే, పలకలు ఉబ్బినప్పుడు మేకులు సడలుతాయి. ఒడ్డున ఉపేక్షించిన వెంట్రుకవాసి సందు నడిసంద్రంలో ప్రాణాంతకమవుతుంది.