రాగి చేసే గారడీలు... మీకు తెలుసా?

పాత వైరు ఒలిచి, లోపలి రాగి తీగకు అయస్కాంతం ఆనించండి. ఉలకదు, పలకదు! కానీ ఆ రాగే మైలుతుత్తంలో అయాన్‌గా ఉన్నప్పుడు బలమైన అయస్కాంతం దాన్ని కాస్త లాగుతుంది. మీకు తెలుసా, ఎందుకో? చివరి తొమ్మిది ఎలక్ట్రాన్లలో నాలుగు జంటలు కుదిరి, ఒకటి పెళ్లికాని ప్రసాదులా మిగిలిపోతుంది. లాగుడంతా ఆ ఒక్కదాని పుణ్యమే!

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1944లో, రష్యాలోని కజాన్‌లో జవోయిస్కీ అనే శాస్త్రవేత్త ఇలాంటి ఒంటరి ఎలక్ట్రాన్ల ఉనికిని చెప్పే ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ సంకేతాలను మొదటిసారి పట్టుకున్నాడు. అవి దొరికిన వాటిలో ఏమున్నాయో మీకు తెలుసా? రాగి లవణాలు కూడా! ఆ ఒంటరి ఎలక్ట్రాన్ ఎంత పనిమంతురాలో చూడండి.

ఇప్పుడు అసలు వింత. ఇలాంటి లవణాలను చల్లబరిస్తే అయస్కాంత గుణం పెరగాలి. కాపర్ అసిటేట్ మాత్రం సుమారు మైనస్ 18 డిగ్రీలు దాటి చల్లబడుతుంటే ఆ గుణాన్ని పోగొట్టుకుంటుంది! 1952లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్లీనీ, బోవర్స్ అనే శాస్త్రవేత్తలు దీని గుట్టు చెప్పారు: రాగి అయాన్లు ఇందులో జంటలుగా ఉండి ఒకదాని గుణాన్ని మరొకటి రద్దు చేస్తున్నాయి. మరుసటి ఏడాది ఎక్స్‌రే చిత్రణలో ఆ జంట దొరికింది. మధ్య దూరం 2.64 ఆంగ్‌స్ట్రామ్‌లు. కంటితో చూడకుండానే జాతకం చెప్పేశారు!

మీకు తెలుసా? ఆక్టోపస్ నీలి రక్తంలోనూ ఇదే కథ. ఆక్సిజన్‌ను పట్టుకున్న రెండు రాగి అయాన్ల అయస్కాంత గుణాలు పరస్పరం రద్దయిపోతాయి.

రాగి తెగుళ్లకూ మందే. ఆ సంగతి తెలియడంలో ద్రాక్ష దొంగలు సైన్సుకు మేలు చేశారంటే నమ్ముతారా? ఫ్రాన్స్‌లోని మెడోక్‌లో రైతులు బాటసారులు కోయకుండా దారి పక్క తీగలపై మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకే బూజు తెగులు సోకలేదు! మిల్లార్డె అనే శాస్త్రవేత్త అది గమనించి 1885లో ప్రకటించాడు. మన రైతులు కిలో తుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లతో కలిపే ఒక శాతం బోర్డో మిశ్రమం అదే. నిమ్మ గజ్జి తెగులు తెచ్చే బాక్టీరియా మీదా రాగి మందే: కాపర్ ఆక్సీక్లోరైడ్!

రాగిని ఫెనాంత్రోలిన్ అనే రసాయనంతో జతకడితే డీఎన్‌ఏను తెగ్గోసే కత్తెర తయారవుతుందని 1979లో సిగ్‌మన్ బృందం చూపించింది. అణువంత కత్తెర, సానపెట్టే పనే లేదు!

మీకు తెలుసా? మన తెల్లరక్తకణాల్లోని భక్షక కణాలు తాము మింగిన బాక్టీరియా మీదికి రాగిని పంపు చేసి చంపుతాయి. మందుల షాపు మన ఒంట్లోనే ఉంది!

బెంగళూరు పరిశోధకులు 2012లో చూపించారు: రాగి బిందెలో 16 గంటలు నిల్వ ఉంచిన నీళ్లలో విరేచనాలు తెచ్చే బాక్టీరియా బతకలేదు. అయితే ఆ బిందెలో మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు పోయకండి. పులుపుకు రాగి ఎక్కువగా కరిగి, వాంతులు పట్టుకోవచ్చు.