మీకు తెలుసా? తలకు తగిలిన చిన్న దెబ్బ వారాల తర్వాత కూడా బయటపడొచ్చు

బాత్‌రూమ్‌లో కాలు జారి తలకు కట్టిన బొప్పి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మూడు వారాలకు ఇంటి పెద్ద మాట తడబడినా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, ‘వయసు మీద పడింది’ అనుకుంటాం. అది పొరపాటు. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోయి, దాన్ని పైపొరతో కలిపే సన్నని సిరలు సాగుతాయి; చిన్న కుదుపుకే తెగుతాయి. కారిన రక్తం నెమ్మదిగా చేరి, వారాల తరబడి మెదడును నొక్కుతుంది. మద్యం అలవాటు, రక్తాన్ని పలచబరిచే మందులు ఈ ముప్పును పెంచుతాయి.

‘ఆ రోజే స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు కదా’ అనొచ్చు. ఆ స్కాన్ ఆ రోజు సంగతే చెప్పింది. వృద్ధాప్య మతిమరుపు సాధారణంగా ఏళ్ల మీద పెరుగుతుంది. రోజుల్లో, వారాల్లో వచ్చిన మార్పుకు వేరే కారణం వెతకాల్సిందే. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తే చాలామంది తేరుకుంటారు. అందుకే తగ్గని తలనొప్పి, మగత, నడకలో తూలుడు కనిపిస్తే మళ్లీ స్కాన్ అడగండి. ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, ఫిట్స్, ఒకవైపు కాలూచెయ్యీ పట్టు తప్పడం ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయండి. పాత దెబ్బ సంగతి డాక్టరుకు చెప్పడం మరవకండి.