మూత్రంలో అమైనో ఆమ్లాల లెక్క తేల్చిన యంత్రం

నోటితో తినలేని రోగికి నరంలోకి అమైనో ఆమ్లాల సీసా పెడతారు. ఎక్కించినదంతా ఒంటికి పట్టిందా, మూత్రంలో పోయిందా అన్నది అప్పుడే పుట్టే ప్రశ్న. 1913లో డెన్మార్క్‌లో హెన్రిక్స్, ఆండర్సన్ అనే ఇద్దరు మాంసాన్ని జీర్ణం చేసి తీసిన ద్రవాన్ని ఒక మేక రక్తంలోకి ఎక్కించి రెండు వారాలకు పైగా పోషించారు. 1930ల చివర్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సర్జన్ రాబర్ట్ ఎల్మన్ ఇలాంటి ద్రవాన్నే రోగులకు ఎక్కించాడు. అమైనో ఆమ్లాలతో లోపలికెంత నత్రజని వెళ్లింది, బయటికెంత వచ్చింది అన్న మొత్తం లెక్క అప్పటికే వేయగలిగేవారు. చిక్కంతా ఆ మొత్తంలోనే ఉంది. ఒంటికి అక్కర్లేని అమైనో ఆమ్లాల నత్రజనిని కాలేయం యూరియాగా మార్చి పంపేస్తుంది. ఆమ్లం ఆమ్లంగానే జారిపోయిందెంత, అందులో ఏది ఎంత అన్నది ఆ అంకె చెప్పదు.

కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. దానితోపాటు పదుల గ్రాముల అమైనో ఆమ్లాలూ దిగుతాయి. కిడ్నీలోని సన్నని నాళాల మొదటి భాగంలోనే రవాణా ప్రోటీన్లు వాటిలో 95 శాతానికి పైగా పట్టి మళ్లీ రక్తంలోకి చేరవేస్తాయి. ఈ ప్రోటీన్ల సామర్థ్యానికి హద్దుంది. సీసాను హడావిడిగా ఎక్కిస్తే రక్తంలో మోతాదు పెరుగుతుంది, హద్దు దాటినది మూత్రంలోకి పోతుంది. అందుకే ఎంత ఎక్కించామన్నదే కాదు, ఎంత నెమ్మదిగా ఎక్కించామన్నదీ ముఖ్యం. అన్ని ఆమ్లాలూ ఒకేలా పోవు కూడా. లూసిన్, వాలిన్ లాంటివాటిని కిడ్నీ దాదాపు వదలదు. గ్లైసిన్, హిస్టిడిన్ మాత్రం మామూలు రోజుల్లోనూ కొంత జారుతూనే ఉంటాయి.

ఇలా విడివిడిగా చూడాలంటే విడదీసే సాధనం కావాలి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టైన్ 1940ల చివర్లో ఆ పనికి పూనుకున్నారు. నిలువు గాజు గొట్టంలో బంగాళదుంప పిండి కూరి, అమైనో ఆమ్లాల మిశ్రమాన్ని పైనుంచి దింపేవారు. ఒక్కో ఆమ్లం ఒక్కో వేగంతో కిందికి దిగుతుంది. రాలే చుక్కలను ఒక ఫోటోసెల్ లెక్కపెట్టేది. నిర్ణీత సంఖ్య పూర్తవగానే చక్రం కదిలి, కొత్త పరీక్షనాళిక చుక్కల కిందికి వచ్చేది. రాత్రంతా మనిషి కాపలా ఉండక్కర్లేదు. ఆ తర్వాత వందలాది నాళికల్లో నిన్‌హైడ్రిన్ అనే రసాయనం కలిపి, వేడిచేసి, ఊదారంగు ఎంత చిక్కగా వచ్చిందో కొలవాలి. ఒక మిశ్రమం తేలేసరికి దాదాపు రెండు వారాలు పట్టేది. 1951లో పిండి బదులు అయాన్ మార్పిడి రెజిన్ వాడటంతో సమయం రోజులకు తగ్గింది. ఆ పద్ధతితోనే స్టైన్ ఆరోగ్యవంతుల మూత్రాన్ని ఆమ్లం వారీగా పరిశీలించి 1953లో ప్రకటించాడు.

1958లో డారెల్ స్పాక్‌మన్ తోడై, ముగ్గురూ కలిసి పనినంతా యంత్రానికి అప్పగించారు. పంపు ద్రవాన్ని రెజిన్ గుండా నెడుతుంది. బయటికి వచ్చే ధారలో నిన్‌హైడ్రిన్ కలుస్తుంది. మరిగే నీటిలో ఉంచిన చుట్టగొట్టంలో రంగు తేలుతుంది. ఫోటోమీటర్ ఊదారంగును 570 నానోమీటర్ల దగ్గర, ప్రోలిన్ ఇచ్చే పసుపురంగును 440 దగ్గర చదువుతుంది. కాగితంపై కలం ఒకదాని వెనుక ఒకటిగా శిఖరాలు గీస్తుంది. శిఖరం కింది వైశాల్యమే ఆ ఆమ్లం పరిమాణం. మొత్తం పని ఒక్క రోజులోపే ముగిసేది. మూర్, స్టైన్‌లకు 1972లో నోబెల్ వచ్చింది. అప్పటికి స్టైన్ మూడేళ్లుగా పక్షవాతంతో ఉన్నాడు.

ఆ యంత్రం వచ్చిన దాదాపు పదేళ్లకు, 1960ల చివర్లో, నరం ద్వారా పోషణ నిజంగా నిలదొక్కుకుంది. పెన్సిల్వేనియాలో స్టాన్లీ డడ్రిక్ బృందం బీగిల్ కుక్కపిల్లలను పూర్తిగా నరం ద్వారానే పెంచి చూపింది. పాత ద్రవాల్లో సగమే తెగిన ప్రోటీన్ ముక్కలు, అంటే పెప్టైడ్‌లు, కూడా ఉండేవి, వాటిలో చాలా భాగం ఒంటికి పట్టకుండానే మూత్రంలో పోయేది. తర్వాత శుద్ధ అమైనో ఆమ్లాల ద్రావణాలు వాటి స్థానంలోకి వచ్చాయి.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా విలువైనది మరో చిన్న శిఖరం. 1954లో స్టైన్, మూర్, వారి సహచరుడు టాలన్ మానవ మూత్రంలో 3-మిథైల్‌హిస్టిడిన్‌ను గుర్తించారు. ఎక్కువగా కండరాల ప్రోటీన్ విచ్ఛిన్నమైనప్పుడు ఇది విడుదలవుతుంది. శరీరం దాన్ని మళ్లీ వాడుకోలేదు, మూత్రంలో వదిలేస్తుంది. మాంసం తిన్నవారిలో తిండి నుంచి వచ్చినదీ కలిసి లెక్క తప్పుతుంది. సీసా మీదే ఉన్న రోగికి ఆ గొడవ లేదు. అతని మూత్రంలో కనిపించే 3-మిథైల్‌హిస్టిడిన్ అంతా అతని ఒంటి నుంచి వచ్చిందే. ఆ అంకె పెరిగితే, ఎక్కించే ఆహారం ఉన్నా కండ కరిగిపోతోందని డాక్టరుకు తెలుస్తుంది.