ఒక్కపూట పిచర్... జీవితమంతా ఫాదర్!

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆలన్ ట్రావర్స్ ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. క్రికెట్‌లో బౌలర్‌లా బేస్‌బాల్‌లో బంతి విసిరేవారు పిచర్. ఆ రోజు పిచర్‌గా ఆయన ఇచ్చిన 24 పరుగులు, మేజర్ లీగ్‌లో భాగమైన అమెరికన్ లీగ్‌లో ఇప్పటికీ రికార్డే. దాని వెనక ఎన్ని విశేషాలో చూడండి.

● 1912 మే 15న న్యూయార్క్‌లో మ్యాచ్ ఆడుతున్న డెట్రాయిట్ టైగర్స్ జట్టు స్టార్ టై కాబ్, తనను అదేపనిగా తిడుతున్న ప్రేక్షకుణ్ని స్టాండ్స్‌లోకి ఎక్కి మరీ చితకబాదాడు. దెబ్బలు తిన్న మనిషికి ఒక చెయ్యే లేదు, రెండో చేతికీ కొన్ని వేళ్లు లేవు. లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్ వెంటనే కాబ్‌ను సస్పెండ్ చేశారు. కాబ్ లేనిదే ఆడబోమంటూ టైగర్స్ ఆటగాళ్లంతా సమ్మెకు దిగారు.

● మే 18న ఫిలడెల్ఫియాలో మ్యాచ్. జట్టును దించకపోతే టైగర్స్ యజమాని 5,000 డాలర్ల జరిమానా కట్టాలి. దాంతో మేనేజర్ హ్యూయీ జెన్నింగ్స్ ఆ ఊళ్లోనే దొరికినవాళ్లతో జట్టు కట్టారు. వారిలో ఒకరు సెయింట్ జోసెఫ్స్ కాలేజీ విద్యార్థి, 20 ఏళ్ల ట్రావర్స్. కాలేజీ జట్టులో ఆయన ఆటగాడు కూడా కాదు, అసిస్టెంట్ మేనేజర్!

● ఎదుటి జట్టు 1910, 1911 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) విజేత ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్. వేగంగా విసిరితే వాళ్లు కొట్టే బంతికి ట్రావర్స్ ప్రాణం మీదకొస్తుందని భయపడి, నెమ్మది బంతులే వెయ్యమన్నారు జెన్నింగ్స్. ఆ బంతులు మొదట్లో బ్యాటర్లకు కొరుకుడు పడలేదు. తర్వాత వాళ్లు బంట్‌లు మొదలుపెట్టారు. అంటే బ్యాట్ ఊపకుండా అడ్డుపెట్టి, బంతిని దగ్గర్లోనే పడేయడం. పరుగెత్తుకొచ్చి దాన్ని అందుకునే అనుభవం ఈ ఫీల్డర్లకు లేదు.

● చివరికి స్కోరు 24-2. ట్రావర్స్ 8 ఇన్నింగ్స్‌లో 26 హిట్లు, 7 వాక్‌లు (గురితప్పిన బంతులతో బ్యాటర్‌కు ఉచితంగా దక్కే బేస్) ఇచ్చి, ఒక్కరిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశారు. ఆ 24 పరుగుల్లో పిచర్ ఖాతాలో పడ్డవి 14. మిగతా పదీ ఫీల్డర్ల తప్పిదాల పుణ్యమే.

● అదే జట్టులో ఆడిన బిల్లీ మహార్గ్ అనే బాక్సర్, 1919 వరల్డ్ సిరీస్ ఫిక్సింగ్ గుట్టును 1920లో బయటపెట్టాడు.

● ఆడమని కాబే నచ్చజెప్పడంతో ఆటగాళ్లు సమ్మె విరమించారు. ఒక్కొక్కరికీ 100 డాలర్ల జరిమానా పడింది. గొడవకు కారకుడైన కాబ్‌కు పడింది 50 డాలర్లే!

● ట్రావర్స్ మళ్లీ మేజర్ లీగ్ వైపు వెళ్లలేదు. జెసూట్ అనే కాథలిక్ సభలో చేరి, 1926లో గురుపట్టం పొంది ఫాదర్ అయ్యారు. విద్యార్థులకు పాఠాలు చెబుతూ గడిపిన ఆయన 1968లో కన్నుమూశారు. మేజర్ లీగ్‌లో ఆడి కాథలిక్ ఫాదర్ అయినవారు ఆయనొక్కరేనని చెబుతారు.

రికార్డుల్లో కనిపించేవి 24 పరుగులే. కానీ ఛాంపియన్ల ఎదుట 8 ఇన్నింగ్స్ ఒక్కడే బంతి విసిరి మ్యాచ్ ముగించిన ఆ కుర్రాడి నిబ్బరాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.