పట్టుదారం తీసిన ఊళ్ళో నది ఒడ్డుకు కాపలా

గూళ్ళ ధరల పట్టిక ఎప్పటిలాగే సాయంత్రం విడిగా వస్తుంది. ఈ వారం పెద్ద వ్యాసం మాత్రం కొంచెం దూరం నుంచి తెచ్చాను. ఆకు కోసి వేసేశాక, పురుగు జ్వరంలో ఉన్నప్పుడు చేతికి కాస్త తీరిక దొరుకుతుంది కదా, అప్పుడు చదవండి.

రాయడానికి కారణం ఒకటుంది. పోయిన నెల మా పక్క పొలం అన్న దగ్గరికి లేఔటు బ్రోకరు వచ్చాడు. రెండెకరాల మల్బరీ తోట, చివర్లో రాజకాలువ. వాళ్ళు చెప్పిన రేటు వింటే ఇరవై ఏళ్ళు గూళ్ళు అమ్మినా అంత చేతికి రాదు. అన్న ఇంకా ఏమీ తేల్చలేదు. నన్ను ఒక మాట అడిగాడు: "అమ్మితే తోట పోతుంది, అమ్మకపోతే అప్పు పోదు. మధ్యలో ఇంకో దారే లేదా?" నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికితే, ఆ మధ్య దారిని యాభై ఏళ్ళుగా నడుస్తున్న ఊళ్ళు కనిపించాయి. వాటిలో ఒకటి ఒకప్పుడు మనలాగే పట్టుపురుగులు మేపిన ఊరు.

ఆ ఊరి పేరు నార్తాంప్టన్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం. ఊళ్ళోంచి మిల్ రివర్ అనే చిన్న నది పారుతుంది. 1830ల్లో అక్కడ మల్బరీ పిచ్చి పట్టింది. నిజంగా పిచ్చే. మోరస్ మల్టీకాలిస్ అనే రకం మొక్క నాటితే చాలు, పట్టుతో కోటీశ్వరులు అవుతామని ఊళ్ళకు ఊళ్ళు నమ్మాయి. గూళ్ళు అమ్మినవాళ్ళకంటే మొక్కలు అమ్మినవాళ్ళే ఎక్కువ సంపాదించారు. చేతులు మారేకొద్దీ మొక్క ధర పెరిగింది, 1839లో ఒక్కసారిగా కూలింది. మిగిలిన చెట్లను అక్కడి చలి చూసుకుంది. మన దగ్గర కూడా ఏదో ఒక మొక్క పేరు చెప్పి నారు అమ్మి పోయినవాళ్ళు ఉన్నారు, గుర్తొచ్చే ఉంటారు.

అయినా పట్టు ఆ ఊరిని వదల్లేదు. 1842లో కొందరు కలిసి, బానిసత్వం వద్దన్నవాళ్ళు, ఉమ్మడి సంఘం పెట్టి పురుగులు పెంచారు, దారం తీశారు. బానిసత్వం నుంచి బయటపడి దేశమంతా తిరిగి ప్రసంగాలు చేసిన సోజర్నర్ ట్రూత్ ఆ సంఘంలో ఉండి బట్టలుతికే పని చూసుకుంది. సంఘం 1846లో మూతపడింది. తర్వాత అక్కడే ఫ్లోరెన్స్ అనే పేటలో నోనోటక్ సిల్క్ కంపెనీ లేచింది. కుట్టుమిషన్లకు తెగని పట్టుదారం చేసి పేరు తెచ్చుకుంది. పురుగుల పెంపకం మాత్రం ఆగిపోయింది. ముడిపట్టు బయటి దేశాల నుంచి వచ్చేది.

మిల్లులు నడవాలంటే నీటి ఒరవడి కావాలి. మిల్లుల యజమానులు డబ్బులు వేసుకుని పైన విలియమ్స్‌బర్గ్ దగ్గర 1865లో మట్టికట్ట కట్టించారు. ఖర్చు తగ్గించుకుని కట్టారు. మొదటి నుంచీ ఊట కారుతూనే ఉంది. 1874 మే 16 పొద్దున ఆ కట్ట తెగింది. కాపలాదారు గుర్రమెక్కి కిందికి పరుగు తీశాడు, పాలు పోసే మనిషి బండిలో ఊరూరా కేకలు వేసుకుంటూ పోయాడు. అయినా 139 మంది చనిపోయారు. విలియమ్ స్కిన్నర్ అనే ఆయన పట్టుమిల్లు, దాని చుట్టూ లేచిన ఊరు, రెండూ కొట్టుకుపోయాయి. విచారణలో తప్పు కట్టించినవాళ్ళది, కట్టినవాళ్ళది, చూసీ చూడనట్టు పోయిన అధికారులది అని తేల్చారు. శిక్ష ఎవరికీ పడలేదు. మరుసటి ఏడు ఆనకట్టల తనిఖీకి ఒక చట్టం మాత్రం వచ్చింది.

ఇంత పాత కథ ఎందుకంటే, నది ఒడ్డున ఎవరు ఏం కడతారన్నది ఒడ్డున భూమి ఉన్నవాడి సొంత విషయం కాదని అక్కడివాళ్ళు పుస్తకం చదివి నేర్చుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1957లో మసాచుసెట్స్ ఒక చట్టం చేసింది. ఏ ఊరైనా, అది పట్నం కానీ పల్లె కానీ, సొంతంగా కన్జర్వేషన్ కమిషన్ పెట్టుకోవచ్చు. పేరు పెద్దది, మనుషులు ముగ్గురి నుంచి ఏడుగురు. ఊరివాళ్ళే, జీతం లేదు, పదవీకాలం మూడేళ్ళు. టీచరు, రైతు, రిటైరైన ఇంజనీరు, ఇలాంటివాళ్ళు. సాయంత్రం పని ముగించుకుని వచ్చి మీటింగులో కూర్చుంటారు. ఆ రాష్ట్రంలో 351 ఊళ్ళున్నాయి, అన్నిట్లోనూ ఇప్పుడు ఈ కమిషన్ ఉంది. మొదట్లో వీళ్ళ పని ఊరి భూములు, చిత్తడి నేలలు ఎక్కడున్నాయో లెక్క రాయడం, వీలైతే కొని కాపాడటం. 1972లో చిత్తడి నేలల రక్షణ చట్టం వచ్చాక చేతికి అధికారం వచ్చింది. 1996లో నదుల రక్షణ చట్టం వచ్చాక నదికి ఇరువైపులా 200 అడుగుల దాకా వాళ్ళ కన్ను పడింది. బాగా ఇరుకైన కొన్ని పట్నాల్లో అది 25 అడుగులే.

పని ఎలా జరుగుతుందో చెప్తాను, ఇది మనకు పనికొచ్చే భాగం. నది ఒడ్డు భూమిలో ఇల్లో, షెడ్డో, రోడ్డో వేయాలంటే ముందు కమిషన్‌కు దరఖాస్తు పెట్టాలి. పక్క భూములవాళ్ళకు కబురు పంపాలి. కబురు పంపిన రుజువు కూడా చూపించాలి. దరఖాస్తు అందిన 21 రోజుల్లో బహిరంగ విచారణ మొదలవ్వాలి, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. సభ్యులు బూట్లు వేసుకుని వెళ్ళి ఆ నేల మీద నడుస్తారు. ఆ తర్వాత షరతులతో ఉత్తర్వు ఇస్తారు: మట్టి నదిలోకి జారకుండా గడ్డి మోపులు వరసగా పెట్టాలి, ఇంత దూరం లోపల చెట్లు కొట్టకూడదు, వాన నీరు నేలలోకి ఇంకేట్టు గుంట తీయాలి. ఆ ఉత్తర్వు రిజిస్ట్రార్ ఆఫీసులో భూమి కాగితాల్లో ఎక్కుతుంది. పని షరతుల ప్రకారమే జరిగిందని కమిషన్ చివరి పత్రం ఇచ్చేదాకా అది అలాగే ఉంటుంది. ఆ పత్రం లేకపోతే అమ్మేటప్పుడు కొనేవాడి లాయరు పట్టుకుంటాడు. మన దగ్గర ఈసీ తీస్తే పాత బ్యాంకు అప్పు కనిపిస్తుంది చూడండి, అలా.

రైతుల మీద భారం కాదా అంటే, దున్నడం, నాటడం, ఉన్న పొలాన్ని మామూలుగా చూసుకోవడం లాంటివాటికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. కొత్తగా చిత్తడి పూడ్చి పొలం చేస్తానంటే మాత్రం అడగాలి.

ఇది వద్దని చెప్పే పని. రెండోది కొనే పని, మా పక్క పొలం అన్న అడిగిన ప్రశ్నకు దగ్గరిది ఇదే.

భూమి అంటే మనకు ఒకటే వస్తువు. చట్టం దృష్టిలో అది హక్కుల మోపు. దున్నే హక్కు, నీళ్ళు తోడే హక్కు, అమ్మే హక్కు, పిల్లలకిచ్చే హక్కు, సైట్లుగా కోసి ఇళ్ళు కట్టే హక్కు. మోపులోంచి ఆ చివరి పుల్ల ఒక్కటే తీసి అమ్మొచ్చు. కొనేది ఊరి కమిషనో, రాష్ట్రమో, భూసంరక్షణ ట్రస్టో. కొన్నాక వాళ్ళు అక్కడ ఏమీ కట్టరు. ఎవరూ కట్టకుండా చూస్తారు, అంతే. భూమి రైతు పేరు మీదే ఉంటుంది. దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కొడుక్కో కూతురికో రాయొచ్చు. కానీ కొన్నవాడు కూడా అందులో లేఔటు వేయలేడు. వేరే రాష్ట్రాల్లో దీన్ని ఈజ్‌మెంట్ అంటారు. మసాచుసెట్స్‌లో కన్జర్వేషన్ రెస్ట్రిక్షన్ అంటారు. ఊరు, రాష్ట్రం రెండూ ఆమోదించాలి.

వ్యవసాయ భూములకు 1977లో ఆ రాష్ట్రం వేరే పథకమే పెట్టింది. లెక్క సులువు. ఊరికే అర్థం కావడానికి మన అంకెల్లో చెప్తాను. లేఔటుకు అమ్మితే కోటి వచ్చే పొలం, పొలంగా అమ్మితే ముప్ఫై లక్షలు వస్తుందనుకోండి. తేడా డెబ్భై లక్షలు రైతు చేతికిస్తారు. పొలం రైతు దగ్గరే ఉంటుంది. అప్పు తీర్చుకోవచ్చు, షెడ్డు వేసుకోవచ్చు. తర్వాత దాన్ని అమ్మితే ముప్ఫై లక్షల వస్తువుగానే అమ్ముడుపోతుంది, కాబట్టి భూమి లేని కుర్ర రైతుకు కూడా కొనే ధైర్యం వస్తుంది.

డబ్బు ఎక్కడిది అంటారు. 2000లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఊరివాళ్ళు ఓటు వేసుకుని తమ ఇంటి పన్ను మీద 3 శాతం దాకా అదనంగా కట్టుకోవచ్చు. రాష్ట్రం కొంత కలుపుతుంది. ఆ డబ్బు ఖాళీ భూముల కొనుగోలుకు, పాత కట్టడాలకు, పేదల ఇళ్ళకు వాడాలి. ఓటు వేసి మరీ పన్ను పెంచుకోవడం నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. నార్తాంప్టన్ అలా ఓటు వేసిన ఊళ్ళలో ఒకటి. ఫ్లోరెన్స్ దగ్గర, మిల్ రివర్ ఒడ్డున, సుమారు 120 ఎకరాల పొలం 2011లో ఈ రకం రక్షణ కిందికి వచ్చింది. ఒక స్థానిక రైతు సంస్థ దాన్ని కొని చిన్న రైతులకు కౌలుకిస్తోంది. పట్టుదారం తీసిన పేట పక్కనే ఇప్పుడు కూరగాయలు పండుతున్నాయి.

నది శుభ్రానికి, ఒడ్డు పొలానికి సంబంధం ఏమిటో అదే రాష్ట్రంలో తూర్పు వైపున ఉన్న నాషువా నది బాగా చూపిస్తుంది. 1960ల్లో పైన ఫిచ్‌బర్గ్‌లోని కాగితం మిల్లులు ఆ రోజు ఏ రంగు కాగితం చేస్తే నది ఆ రంగులో పారేది. ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఆకుపచ్చ. గ్రోటన్ అనే ఊరికి 1962లో కాపురానికి వచ్చిన మేరియన్ స్టొడార్ట్ అనే గృహిణి ఆ మురికి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి గవర్నరు ముందు పెట్టింది. మిల్లులవాళ్ళను, ఊళ్ళవాళ్ళను ఒకే సంఘంలో కూర్చోబెట్టింది. శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అయితే ఆమె అక్కడితో ఆగలేదు. నీళ్ళు శుభ్రమైన మరుక్షణం ఒడ్డు భూముల ధర పెరుగుతుంది, ఇళ్ళు వస్తాయి, మళ్ళీ మురుగు మొదలవుతుంది. అందుకే నదికి రెండు పక్కలా పచ్చటి పట్టీ ఉండాలని ఊరూరా తిరిగింది. కొందరు భూమి దానం చేశారు, కొంత కొన్నారు, కొంతమంది కట్టే హక్కు వదులుకున్నారు. 2019లో ఆ నదిలో పెద్ద భాగానికి దేశపు ప్రత్యేక రక్షిత నదుల జాబితాలో చోటు దొరికింది.

ఒడ్డున చెట్టూ గడ్డీ ఉంటే ఎరువు, మందు, మట్టి అక్కడే ఆగుతాయి. ఇది మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. పక్కవాడు టమోటాకు మందు కొట్టిన రోజు గాలి మన తోట వైపు ఉంటే, ఆ ఆకు తిన్న పురుగు సంగతి ఏమవుతుందో మీకు తెలుసు. గట్టు మీద నాలుగు వరసల చెట్లు ఉన్న తోటకు, లేని తోటకు తేడా పంట చేతికొచ్చేసరికి కనిపిస్తుంది.

అక్కడ అంతా బంగారం అని రాస్తే అబద్ధమవుతుంది. డబ్బు పరిమితం, క్యూ పొడుగు. తాత సంతకం పెడితే మనవడికి కూడా కట్టే హక్కు పోతుంది, ఆ మనవడిని ఎవరూ అడగలేదు. బాగా డబ్బున్న ఊళ్ళు పచ్చదనం పేరుతో కొత్త ఇళ్ళు రానివ్వకుండా పేదవాళ్ళను బయటే ఉంచుతున్నాయనే విమర్శ ఉంది, అది ఉత్త మాట కాదు. పైగా కాగితం రాసుకుంటే సరిపోదు. ఏటా ఎవరో ఒకరు హద్దు వెంట నడిచి చూడాలి, లేకపోతే పక్కవాడు కంచె జరుపుతాడు. అది ఏ దేశంలోనైనా అంతే.

మన సంగతి. మనకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. అది దారి హక్కు, నీటి కాలువ హక్కు లాంటివాటికి. కట్టే హక్కును రైతు దగ్గర కొని పొలాన్ని పొలంగా ఉంచే పథకం మన పహణీల్లో ఎక్కడా చూడం. పక్క అన్నకు నేను చెప్పగలిగింది అంతే, ఆయనకు అది నచ్చలేదు, నాకూ నచ్చలేదు. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు పక్కనుంచి పారి హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాం చేరేసరికి నురగ కట్టి ఉంటుంది. ఆ ఆయకట్టులో మల్బరీ పెట్టిన మనవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు. కోలారు వైపు 2018 నుంచి బెంగళూరు శుద్ధి చేసిన నీళ్ళు చెరువుల్లోకి వస్తున్నాయి. బోర్లలో నీళ్ళు పైకొచ్చాయని సంతోషించేవాళ్ళూ ఉన్నారు, ఆ నీళ్ళ నాణ్యత మీద అనుమానం పోనివాళ్ళూ ఉన్నారు. రీలింగుకు నీరు ఎంత శుభ్రంగా ఉండాలో సిద్లఘట్ట అన్నలను అడగండి, చెప్తారు.

కానీ కమిషన్ లాంటిది ఒకటి మనకు కాగితం మీద ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, ప్రతి పురసభలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊళ్ళో ఏ చెరువు, ఏ కాలువ, ఏ చెట్టు, ఏ పంట ఉందో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మసాచుసెట్స్ కమిషన్లు 1957లో మొదలుపెట్టింది కూడా ఇలాంటి లెక్క రాయడంతోనే. మా పంచాయతీలో అడిగితే రిజిస్టరు ఉందన్నారు, బీరువా తాళం మాత్రం దొరకలేదు. సోమవారం మళ్ళీ రమ్మన్నారు.

మీ మీ పంచాయతీల్లో ఆ రిజిస్టరులో మీ రాజకాలువ, మీ చెరువు పేర్లు రాసి ఉన్నాయో లేదో అడిగి చూడండి. కర్ణాటకవాళ్ళు, తమిళనాడువాళ్ళు, ఒడిశావాళ్ళు, మహారాష్ట్రవాళ్ళు, యానాంవాళ్ళు, అందరూ. ఫోటో తీయనిస్తే ఫోటో, లేకపోతే వాయిస్ మెసేజ్ ఈ గ్రూపులోనే పెట్టండి. సోమవారం మా బీరువా తెరుచుకుంటే మొదటి ఫోటో నేనే పెడతాను.